రంగు చూసే నీబియా

"దోన్యా, మళ్ళీ ఒక్కసారి చూడండి. ఆకంతా కాదు. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య పసుపు తిరిగింది."

"చూశానయ్యా, చూశాను. ఆకంతా ఒకటే రంగు. పాలిపోయింది, అంతే. నత్రజని చాలటం లేదు. పెద్ద డబ్బాలోంచి ఇంకో కొలత వెయ్యి."

"నిన్ననేగా వేశాను."

"ఇవాళా వెయ్యి."

యమందూ చేతిలోని కొలత గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు. నలభై రెండేళ్ళ మనిషి. పదిహేనేళ్ళు మోంతెవిదేయో నగర వీధుల్లో బస్సు నడిపి, నడుము పాడైపోయి, ఈ గంజాయి క్లబ్బులో జీతానికి కుదిరాడు. మాటలు తక్కువ. ఆ తక్కువ మాటల్లోనే మూడు వారాలుగా ఈ ఒక్క మాటే చెబుతున్నాడు. మూడు వారాలుగా, అతను మర్యాదకు 'దోన్యా' అని పిలిచే నీబియా, దాన్ని కొట్టిపారేస్తూనే ఉంది.

ఆవిడ ఆకు తుంచుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది. లోపలి దీపాల కింద రంగు చూడకూడదని నియమం పెట్టింది ఆవిడే. ఆ దక్షిణ దేశంలో జూన్ అంటే నడి చలికాలం, బయట చలి చెవులు కొరుకుతోంది. ఆకును ఎత్తి పట్టుకుంది. దించింది. వెనక్కి తిప్పింది. ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది. ఒకటే రంగు. ఆకును నలిపి పారేసి లోపలికి నడిచింది, మళ్ళీ వెనక్కి వచ్చి ఆ నలిగిన ఆకునే ఏరుకుంది. అలా పొద్దున్నుంచి అది ఆరోసారి.

నీబియా ఒలాస్కొయాగకు అరవై నాలుగేళ్ళు. మరోన్యాస్ పేటలో ఆవిడ కన్ను గురించి తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఎనిమిదేళ్ళు ఉన్ని మిల్లు అద్దకం షెడ్డులో రంగు చూసే పని చేసింది. ఎండ నేరుగా పడని దక్షిణపు కిటికీ పక్కన నిలబడి, ముందు బూడిదరంగు అట్ట మీద చూపు ఆనించి కళ్ళకు విశ్రాంతి ఇచ్చి, తర్వాత మచ్చు చిలపనూ, అంటే నమూనా ఉన్ని దారపు చుట్టనూ, రంగు తొట్టిలోంచి తీసిన చిలపనూ పక్కపక్కన పెట్టి ఒక్క చూపు చూసేది. "ఎరుపు చిటికెడు ఎక్కువైంది" అందంటే అయినట్టే. ఒకసారి మిల్లు యజమాని రంగులు కొలిచే యంత్రం తెప్పించాడు. యంత్రం ఒకటి చెప్పింది, నీబియా ఒకటి చెప్పింది. సరుకు కొనే ఇటలీవాడు రెండూ విని, నీబియా చెప్పిన చిలపను జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ యంత్రం మీద తర్వాత ఎవరో పూలకుండీ పెట్టారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి!

మిల్లు మూతపడింది. తర్వాత నాలుగిళ్ళల్లో నేల తుడిచింది, పొరుగువాళ్ళ పాంట్లు పొట్టి చేసింది. ఆ పనుల్లో ఎవరూ "నీబియా ఏమంటుంది?" అని అడగలేదు. అది ఆవిడను లోపల లోపల తినేసింది. గంజాయి క్లబ్బులకు అనుమతులు వచ్చాక, మిల్లు గోదాములో ఒకప్పుడు ఉన్ని మూటలు లెక్కపెట్టిన దార్విన్ పాత రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని క్లబ్బు పెట్టాడు. నలభై అయిదుగురు సభ్యులు, వాళ్ళ వాడకానికి తొంభై తొమ్మిది మొక్కలు. మట్టి లేదు. వేళ్ళు నీళ్ళలో వేలాడుతుంటాయి, ఎరువంతా ఆ నీళ్ళలోనే. దార్విన్ నేరుగా నీబియా ఇంటికి వచ్చాడు.

"నాకా వాసనంటేనే తలనొప్పి, పో" అంది ఆవిడ.

"నిన్ను పీల్చమన్నదెవరు? ఆకు రంగు చూసి మొక్కకు ఏం తక్కువైందో చెప్పాలి. అంతే. నీ కన్ను ఉన్నవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు చెప్పు?"

ఆ ఒక్క మాటకు పడిపోయింది. ఎనిమిదేళ్ళు గడిచాయి, ఇప్పటికీ ఒక్క దమ్ము లాగింది లేదు. కానీ ఎరువుల లెక్కంతా ఆవిడే కట్టింది, తన చేత్తో నోటుపుస్తకంలో రాసింది. పేటలో ఎవరి నిమ్మచెట్టు పసుపెక్కినా ఫోనులో బొమ్మ పంపేవాళ్ళు. "ఫోనులో రంగు చూడటానికి నేనేమైనా పిచ్చిదాన్నా? ఆకు పట్టుకురా" అని కసిరేది. వాళ్ళు ఆకులు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. ఆవిడ మళ్ళీ మనిషైంది.

ఈ ఏడాది కరువు వచ్చింది. నది ఎండిపోయి, ఊరికి వచ్చే కుళాయి నీళ్ళల్లో సముద్రం పక్క నీళ్ళు కలిపారు. ఊరు ఊరంతా ఉప్పుమయం. అక్కడివాళ్ళు పొద్దస్తమానం తాగే ఆకు కషాయం మాతే తాగితే గొంతులో చేదుకు బదులు ఉప్పు దిగేది. అన్నిటికీ ఓర్చుకునే జనం మాతే పాడైతే ఓర్చుకుంటారా? వీధుల్లోకి వచ్చి నిరసనగా గిన్నెలు వాయించారు. మొక్కలు గిన్నెలు వాయించలేవు గనుక ఆకుల అంచులు మాడ్చుకున్నాయి. ఆ మాడును నీబియా మొదటి రోజే పట్టేసింది. గోధుమరంగు, ముదురు రంగు కదా, అది అందరికీ కనిపించేదే. సభ్యులంతా తలా కొంత వేసుకుని నీళ్ళలోంచి ఉప్పు తీసేసే పెద్ద ఫిల్టరు కొన్నారు. గొట్టాలు వంచి, గోడకు మేకులు కొట్టి, యమందూ రెండు రోజుల్లో బిగించాడు. అంచుల మాడు ఆగిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నీబియా కూడా ఆ మంచినీళ్ళు రెండు సీసాల నిండా పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి మాతే కాచుకునేది.

పది రోజులు తిరగకముందే యమందూ ఆ పసుపు మాట ఎత్తాడు. అక్కడే మొదలైంది ఈ పేచీ అంతా.

నత్రజని పెంచినకొద్దీ ఆకుల కొసలు కాలాయి. కింది ఆకులు రాలటం మొదలైంది. పై లేతాకుల మీద తుప్పు చుక్కలు పడ్డాయి. పూతకు వచ్చిన మొక్కలు అవి. ఈపాటికి మొగ్గలు బొటనవేలంత ఉండాలి, బఠాణీ గింజలంత ఉన్నాయి. నీబియా కాలు గాలిన పిల్లిలా వరసల మధ్య తిరిగేది. అద్దాలు తుడుచుకునేది, కొలతలు మళ్ళీ కొలిచేది. యమందూ ఏదైనా అనబోతే "నీకు కళ్ళున్నాయి గానీ చూపు లేదయ్యా! ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను నేనీ పని" అని ఒంటికాలి మీద లేచేది. అతను నోరు మూసుకునేవాడు. అలా మూసుకోవడం ఆవిడకు ఇంకా ఒళ్ళు మండించేది.

బుధవారం దార్విన్ వచ్చాడు. మొక్కలను చూసి నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇదేమిటి నీబియా? ఈ పూత ఏమిటి, ఈ చుక్కలేమిటి? ఏడాది సరుకంతా ఇదే. సభ్యులకు నేనేం చెప్పాలి? ఎక్కడ జరిగింది పొరపాటు?"

యమందూ అప్పుడు పెరట్లో పీపాలు కడుగుతున్నాడు. ఆకులో ఏముందో తనకు తెలియటం లేదని నీబియాకు నాలుక చివరిదాకా వచ్చింది. ఎనిమిదేళ్ళలో ఎన్నడూ అనని మాట, అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్ళలోనూ అనని మాట. దానికి బదులు ఇంకో మాట బయటికి వచ్చేసింది.

"కలిపేది నేను కాదుగా. కలిపేవాణ్ణే అడుగు."

"అంటే? యమందూ కొలత తప్పుతున్నాడా?"

ఆవిడ అవుననలేదు. కాదనలేదు. చేతిలో ఆకు వైపు చూస్తూ నిలబడింది. చాలదూ?

సాయంత్రానికి క్లబ్బంతా పాకిపోయింది. యమందూ చెయ్యి బరువట. ఎరువు గుమ్మరించి మొక్కలను కాల్చేశాడట. ఆదివారం సభ్యుల మీటింగులో అతన్ని ఉంచాలా, తీసెయ్యాలా అని చేతులెత్తించబోతున్నారట. విరిగిన నడుముతో, ఇలాంటి పేరుతో వెళ్తే ఇంకెవరూ పనివ్వరు. ఆ సంగతి నీబియాకు తెలియంది కాదు.

గురువారం అన్నం ముద్ద దిగలేదు. పక్కింటి రేడియో పాట చెవుల్లో దూరి వేధించింది. నాలుగు వీధులు చుట్టి వచ్చింది, మళ్ళీ నాలుగు వీధులు చుట్టింది. వాడే తప్పు కలిపి ఉండొచ్చుగా అని తనకు తానే నచ్చజెప్పుకుంది. ఉండొచ్చు. మనిషన్నాక చెయ్యి తప్పదూ? కానీ యమందూ గ్లాసు కంటికి ఎదురుగా ఎత్తి, గీత చూసి, ఊపిరి బిగబట్టి పోసేవాడు. తను ఎన్నిసార్లు చూడలేదు!

శుక్రవారం పొద్దున ఇక పట్టలేక బీరువా తెరిచి మిల్లు మచ్చు చిలపల గుత్తి తీసింది. మిల్లు తలుపులు మూసిన రోజు సంచిలో వేసుకుని తెచ్చిన గుత్తి అది. ఇనుప రింగుకు అరవై ఉన్ని చిలపలు, ఒక్కోదానికీ వెనకవైపు అంకె కొట్టిన రేకు బిళ్ళ. ఆకు ఏ మచ్చుకు సరిపోతుందో చూస్తే, ఆ ఆకులో పసుపెంతో పచ్చెంతో కాగితం మీద రాసి యమందూ ముఖాన పెట్టొచ్చు. అద్దకం షెడ్డులో తగువులన్నీ అలాగే తీరేవి.

ఇంట్లో దక్షిణపు కిటికీ దగ్గర నిలబడింది. బూడిదరంగు గోడ మీద చూపు ఆనించింది. తర్వాత షెడ్డు నుంచి తెచ్చుకున్న ఆకును చిలపల మధ్య పెట్టింది.

ముప్పై ఒకటికి సరిపోయింది. పక్కన ఉన్న ముప్పై నాలుగుకూ సరిపోయింది.

అదెలా కుదురుతుంది? ముప్పై ఒకటి నీలం కలిసిన పచ్చ, ముప్పై నాలుగు పసుపు కలిసిన పచ్చ. ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా విడదీసేది. కిటికీ అద్దం మురికి పట్టి ఉంటుందనుకుంది. వెనిగరు తెచ్చి, పాత పేపరు ముద్ద చేసి, లోపలా బయటా అద్దం మెరిసేదాకా రుద్దింది. మళ్ళీ చూసింది. అవే రెండు చిలపలు, అదే ఒక్క రంగు. గుత్తిలో మొదటి రెండు చిలపలు, ఒకటో అంకెది తెలుపు, రెండో అంకెది మీగడరంగు, ఆ రెండింటినీ వీపు వెనక కలిపేసి ముందుకు తెచ్చి తెలుపును ఏరింది. బిళ్ళ తిప్పి చూసింది. రెండు. మళ్ళీ కలిపింది. మళ్ళీ తప్పు. మూడోసారి సరిగ్గా వచ్చింది గానీ, అది అదృష్టమని ఆవిడకే తెలుసు.

కుర్చీలో కూలబడింది. కంట్లో శుక్లం మొదలైందని రెండేళ్ళ కిందట డాక్టరమ్మ చెబితే నవ్వేసి వచ్చింది. "చదవగలుగుతున్నాను, సూదిలో దారం ఎక్కించగలుగుతున్నాను, నాకేమిటి?" అంది. కన్ను మసకబారటం ఒక్కటే జబ్బనుకుంది. కంటిలోకి పసుపు ఇలా చడీచప్పుడు లేకుండా దిగుతుందని, దిగి లోకాన్నంతా తన రంగులో ముంచి ఏమీ ఎరగనట్టు కూచుంటుందని ఆవిడకు తోచలేదు. ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. ఒళ్ళంతా సిగ్గు. "చూపు లేదయ్యా నీకు" అని ఎవరిని అన్నది తను!

చాలాసేపటికి లేచి, అలవాటు కొద్దీ మాతేకు కెటిల్ పెట్టింది. మూత తీస్తే అడుగు తళతళలాడుతోంది. ఈ కెటిల్ అడుగున ఎప్పుడూ తెల్లటి సున్నం పొర ఉండేది, నెలకోసారి గోకాల్సి వచ్చేది. ఫిల్టరు నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టాక ఒక్క మరక లేదు. ఆ తళతళ వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఈ నీళ్ళల్లో ఉప్పు లేదు. సున్నమూ లేదు. అసలేమీ లేదు.

అప్పుడు తట్టింది. మిల్లులో నీళ్ళల్లోని సున్నం తీసేసి మెత్తబరిచే యంత్రం పెట్టిన ఏడాది, సీసాపచ్చ రంగు వరసగా పది తొట్లు చెడింది. రంగుపొడి మంచిదే, ఉన్ని మంచిదే. నీళ్ళు మారాయి, లెక్క మారలేదు. ఆ సంగతి ఫోర్‌మన్‌కు వెళ్ళి చెప్పింది ఎవరు? నీబియాయే. మళ్ళీ ఇప్పుడు, ఇక్కడ, కుళాయి నీళ్ళల్లోని సున్నాన్నీ మెగ్నీషియాన్నీ లెక్కలో కలుపుకుని తన చేత్తో రాసిన కొలతలను, ఏమీ లేని నీళ్ళల్లో అలాగే పోయించింది. మెగ్నీషియం లేకపోతే కింది ఆకుల్లో ఈనెల మధ్య పసుపు తిరుగుతుంది. కాల్షియం లేకపోతే లేతాకుల మీద తుప్పు చుక్కలు పడతాయి. కొసలు కాలింది తను పోయించిన నత్రజనికి. యమందూ చెప్పిన ప్రతి ముక్కా సరిపోయింది.

"ఈనెల మధ్యే" అని వంటగదిలో పైకే అంది.

మధ్యాహ్నానికి మెగ్నీషియం పొట్లం ఒకటి, కాల్షియం పొట్లం ఒకటి కొనుక్కుని షెడ్డుకు చేరింది. యమందూ తన థర్మాసునూ పాత స్వెట్టరునూ ఒక అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు. తలెత్తలేదు.

"యమందూ, కింది ఆకు ఎలా ఉందో చెప్పు."

"మీకు తెలుసుగా. ఆకంతా ఒకటే రంగు."

"చెప్పవయ్యా."

"ఇప్పుడు నా కళ్ళు పనికొస్తున్నాయా దోన్యా?" అన్నాడు అట్టపెట్టె మూస్తూ. అయినా లేచాడు. వరసలోకి వెళ్ళి వంగి, నడుము పట్టేస్తే పళ్ళు బిగబట్టి, ఒక ఆకును వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. "ఈనెలు పచ్చ. మధ్యలో పసుపు, అంచుల నుంచి లోపలికి. పైన లేతాకుల మీద తుప్పు చుక్కలు, నిన్నటికంటే ఎక్కువ. మూడు వారాలుగా ఇదే చెబుతున్నాను."

"తొట్టి ఖాళీ చెయ్యి. కొత్త నీళ్ళు పట్టు. పాత లెక్కే వెయ్యి, నేను పెంచింది తీసెయ్యి. ఈ రెండు పొట్లాల్లోవీ కలపాలి, ఎంతో రాసిస్తాను. రెండూ ఒకేసారి వెయ్యకు, ఒకటి కరిగాక రెండోది."

అతను పొట్లాల మీది పేర్లు చదివాడు. ఆవిడ వైపు చూశాడు. అర్థమైంది అతనికి. అంతా కాదు, సగం.

"ఇది కూడా నా చెయ్యి బరువేనా?" అన్నాడు.

"ఆదివారం మాట్లాడతాను" అంది నీబియా. అతను పెదవి విరిచి, పీపా వైపు వెళ్ళిపోయాడు.

శనివారం నాడు మనిషిలో మనిషి లేదు. చెప్పేదెలాగో వంద రకాలుగా కూడబలుక్కుంది. నీళ్ళు మారాయి, లెక్క తప్పింది అంటే సరిపోదా? తన కళ్ళ సంగతి ఎందుకు? జబ్బు తెలిసింది, మందు పడింది, మొక్కలు తేరుకుంటాయి. యమందూ మీద మచ్చ పోతుంది, తన పేరూ నిలుస్తుంది. ఎవరికీ నష్టం లేదు. ఆ మాటే అనుకుంటూ ఇల్లంతా ఊడ్చింది. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది.

ఆదివారం షెడ్డు వరండాలో ముప్పైమందికి పైగా చేరారు. ఒక మూల పెద్ద గిన్నెలో మసూరు పప్పు, పంది మాంసం ఉడుకుతున్నాయి. మాతే చేతులు మారుతోంది. యమందూ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పక్కన అట్టపెట్టె. ఎవరూ అతని పక్కకు వెళ్ళలేదు. దార్విన్ గొంతు సవరించుకున్నాడు.

"మొక్కల సంగతి అందరికీ తెలిసిందే. ముందు నీబియా మాట్లాడుతుంది."

నీబియా లేచింది. చేతులు ఏప్రాన్ జేబుల్లో పెట్టుకుంది.

"తప్పు నీళ్ళది" అంది. "ఫిల్టరు పెట్టాక నీళ్ళల్లో సున్నం పోయింది, మెగ్నీషియం పోయింది. మొక్కలు వాటి కోసమే అలమటించాయి. మొన్న మందు వేశాం. పది రోజుల్లో కొత్త ఆకు పచ్చగా వస్తుంది. పూత కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు."

అమ్మయ్య అన్నారు జనం. రిటైరైన నర్సు సెల్వా మాత్రం ఊరుకునే రకం కాదు.

"అంటే ఫిల్టరుదన్నమాట తప్పు. ఫిల్టరు బిగించింది ఎవరు?"

తలలన్నీ గోడవైపు తిరిగాయి. యమందూ నేల చూస్తున్నాడు. తనను సమర్థించుకోవడానికి ఒక్క మాట అనలేదు, అనడని నీబియాకు తెలుసు. నిన్నంతా తను ఊడ్చి ఊడ్చి దాచుకున్న ఉపాయం ఇంత తొందరగా అతని మెడకే చుట్టుకుంటుందని ఆవిడ అనుకోలేదు.

"ఫిల్టరు బాగానే బిగించాడు" అంది. "లెక్క నాది. మార్చాల్సింది నేను, మార్చలేదు. ఈనెల మధ్య పసుపు తిరిగిందని అతను మూడు వారాల కిందటే చెప్పాడు. నేను కాదన్నాను. ఎందుకంటే నాకు కనిపించలేదు. నా కళ్ళకు రంగు తెలియటం లేదు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెంట ఇంకో నలుగురు నవ్వారు.

"ఓ నీబియా!" అన్నాడు దార్విన్, కళ్ళు చెమర్చి. "నీ మనసు మాకు తెలియదా? కడుపు మాడేవాణ్ణి చూసి జాలిపడ్డావు. కానీ వాణ్ణి కాపాడటానికి నీ కళ్ళ మీద నువ్వే అబద్ధం చెప్పుకోవాలా? నీ కన్ను మాకు తెలియదా!"

చప్పట్లు కొట్టారు. అవును, చప్పట్లే. సెల్వా కూడా కొట్టింది. నీబియా అలా నిలబడి చూస్తోంది. జీవితమంతా ఏ పేరు కోసం బతికిందో, ఆ పేరు ఇప్పుడు నిజం చెప్పినా నమ్మనివ్వటం లేదు. తనను మెచ్చుకుంటూ మెచ్చుకుంటూనే వీళ్ళు చేతులెత్తి అతన్ని గెంటేస్తారు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆపండి!" అంది. "యమందూ, రెండు ఆకులు పట్టుకురా. జబ్బుది ఒకటి, చుక్కలు లేనిది చూసి. పెరట్లో మట్టికుండీలో, ఈ తొట్టి నీళ్ళు తగలని తల్లిమొక్క ఉందిగా, దాన్నుంచి మంచిది ఒకటి. తెల్ల పళ్ళెంలో పెట్టు."

"వద్దు దోన్యా" అన్నాడు యమందూ. ఆ పూట అతను నోరు విప్పడం అదే మొదలు.

"పట్టుకురా అన్నానా!"

"నేను తీసుకురాను."

చివరికి దార్విన్ వెళ్ళి తెచ్చాడు. పళ్ళెం బల్ల మీద పెట్టాడు. పెరటి గుమ్మంలోంచి పగటి వెలుతురు తిన్నగా దాని మీద పడుతోంది. రెండు ఆకులు, ఒకటే పరిమాణం. అందరూ ముందుకు వంగి చూశారు. చూడగానే తెలిసిపోయినట్టు వెనక్కి జరిగారు. ఏది ఏదో చెప్పడానికి అక్కడ ఎవరికీ మిల్లు అనుభవం అక్కర్లేదని ఆ వెనక్కి జరగడంలోనే నీబియాకు అర్థమైంది.

ఆవిడ బల్ల ముందుకు వచ్చింది. ఓడిపోవాలనే వచ్చింది. కానీ పళ్ళెం ముందు నిలబడ్డాక ఆ మనసు మారిపోయింది. గెలవాలనిపించింది. ఎలాగైనా సరే, ఈ ఒక్కసారికి కనిపించాలనిపించింది. బూడిదరంగు గోడ కోసం వెతికి చూపు ఆనించింది. కళ్ళు మూసి తెరిచింది. పళ్ళెం మీదికి వంగింది. ఎడమది... కాదు, ఎడమదానిలో కొంచెం... కుడిది. కుడిదాని నడిమి ఈనె పక్కన ఏదో పాలిపోయినట్టు ఉంది. ఉంది. కచ్చితంగా ఉంది. కుడివైపు ఆకును తీసి అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

"ఇదీ జబ్బుది" అంది.

గిన్నెలో పప్పు ఉడికే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. సెల్వా తల దించుకుంది. దార్విన్ మాతే పాత్రను అలాగే పట్టుకుని ఉండిపోయాడు. నీబియా ఒక్కొక్కరి ముఖమే చూస్తూ పోయింది, ఎవరూ ఆవిడ కళ్ళలోకి చూడలేదు.

యమందూ గోడ దగ్గరనుంచి వచ్చాడు. ఆవిడ చేతిలోంచి ఆకును మెల్లగా తీసుకున్నాడు.

"ఇది మంచిది దోన్యా" అన్నాడు.

ఆ రోజు చేతులెత్తించలేదు. పప్పు తిన్నారు, తక్కువ మాట్లాడారు, పెందలాడే ఇళ్ళకు పోయారు. నీబియాకు కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషనుకు సెప్టెంబరు నెలలో తేదీ ఇచ్చారు. అప్పటిదాకా ఆకు చూడటం యమందూ పని, లెక్క కట్టడం ఆవిడ పని అని దార్విన్ తేల్చాడు. పేటలో నిమ్మాకులు పట్టుకుని వచ్చేవాళ్ళు వారం తిరక్కుండానే తగ్గిపోయారు.

పది రోజుల తర్వాత ఒక పొద్దున ఇద్దరూ మొదటి వరస దగ్గర నిలబడ్డారు. నోటుపుస్తకం ఆవిడ చేతిలో, ఆకు అతని చేతిలో. అతను అడిగినదానికి మాత్రమే జవాబిస్తున్నాడు, ఒక్క ముక్క ఎక్కువ లేదు. ఆ ఆదివారం నుంచి అంతే.

"కింది ఆకు?"

"పాతవి అలాగే ఉన్నాయి. కొత్తగా పసుపెక్కినవి లేవు."

"చుక్కలు?"

"ఆగాయి."

"కొత్త ఆకు?"

"పచ్చ."

ఆవిడ కలం కాగితం మీద ఆగింది. చిగురాకు ఆవిడ ముక్కుకు జానెడు దూరంలో ఉంది. పచ్చగానే ఉన్నట్టుంది. కానీ ఆవిడకు ఇప్పుడు అన్నీ అలాగే ఉన్నట్టుంటాయి. నోరు ఊరుకోలేదు.

"నిజంగానా?"

యమందూ ఆకును వదిలేసి, నడుము నిటారు చేసుకుని, ఆ ఆదివారం తర్వాత మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"నేను మీకు ఎప్పుడైనా అబద్ధం చెప్పానా దోన్యా?"

నీబియా తల దించుకుంది. పచ్చ అని రాసింది.